విప్పి కట్టిన వాద్యము

కాలిఫోర్నియాలోని ఫులర్టన్ పట్టణమున రేడియోలను బాగుచేయు దుకాణమును నడపుచు, తాను గిటారు వాయింప నేర్వకయే గిటారుల చరిత్రను వేఱొక త్రోవకు మరల్చిన లియో ఫెండరు, 1950లో తన విద్యుద్గిటారును విపణికి తెచ్చునపుడు, వాద్యశిల్పులు తరతరములుగా పాటించుచు వచ్చిన మర్యాదను గాక మరమ్మతు చేయువాని సౌకర్యమునే ప్రధానముగా నెంచి, నెక్కును బాడీకి జిగురుతో అతుకక నాలుగు మరలతో బిగించెను. ఫ్రెట్లను మెట్లు అరిగిపోయినచో నెక్కును విప్పి క్రొత్తదానిని బిగించుకొనవచ్చును. పికప్పు పాడైనచో టంకమును కరగించి దానిని తీసివేసి వేఱొకదానిని అమర్చుకొనవచ్చును. ఇంతకు మించిన తత్త్వమేదియు ఆయన మనస్సున నుండెనని చెప్పుటకు నాకు ధైర్యము చాలదు. అయినను, భాగములన్నియు మారిన పిదప వస్తువు ఆ వస్తువుగానే యుండునా యను ప్రశ్న, అంతవఱకు తార్కికుల వాదగ్రంథములలో ఘటపటములను ఆశ్రయించి బ్రతుకుచుండినది, ఆ నాలుగు మరల మూలమున సామాన్యుని బల్లమీదికి వచ్చి కూర్చుండెను.

బొబ్బిలి వీణను ఎఱిగిన తెలుగువానికి ఫెండరు చేసిన పనిలోని సాహసము వెంటనే గోచరించును. అచటి శిల్పి ఏకాండి వీణను చేయునపుడు కుండను, దండిని ఒకే పనసమ్రానునుండి తొలిచి తీయును. అతుకు లేకుండుటయే ఆ వాద్యమునకు గౌరవము. దానికిని మార్పులు లేకపోలేదు. తంత్రులు మారుచునే యుండును. మైనముపై నిలిపిన 24 మెట్లను శ్రుతి చెడినపుడు తీసి మరల కట్టింపవలసియే యుండును. కాని అవి పైపై మార్పులు. మ్రాను ఒక్కటియే, అది చీలినచో వీణకు వేఱు గతి లేదు. ఫెండరు గిటారులో అట్టి మ్రాను లేదు. బాడీ ఆల్డరు కొయ్యయో యాష్ కొయ్యయో, నెక్కు మేపుల్, బ్రిడ్జి ఉక్కు, పికప్పు రాగియు అయస్కాంతమును. వీనిలో ఏ యొక్కటియు తానే వాద్యమని చెప్పుకొనజాలదు.

అరువదియేండ్లనాటి ఫెండరు గిటారు, స్ట్రాటొకాస్టరొకటి, జీర్ణించి ఒకని చేతికి చిక్కినదనుకొందము. ఒకప్పుడు తెల్లనిదై యుండిన నైట్రోసెల్యులోజు లక్కపూత పసుపువాఱి సన్నని బీటలు తీసియుండును. బొటనవ్రేలు ఆనుచోట నెక్కు మీది పూత పోయి కొయ్య నలుపెక్కియుండును. మొదటి మూడు నాలుగు ఫ్రెట్లు తంత్రుల ఒరపిడికి గుంటలుపడి, ఏ స్వరము మీటినను దానితోడ జుమ్మను మోత యొకటి వినవచ్చుచుండును. దానిని ఉన్నదున్నట్లుగా భద్రపఱచుట ఒక పద్ధతి. తన చేతికిని తన సంగీతమునకును తగినట్లుగా పునర్నిర్మించుకొనుట వేఱొక పద్ధతి. రెండవదానిని చేపట్టినవాడు తంత్రులను వదలుచేసి, నెక్కును విప్పి, లోపలి తీగలను టంకము కరగించి ఊడదీసి, సోల్డరింగు కడ్డీతో ఒక్కొక్క ఫ్రెట్టును వేడిచేసి కొయ్య పెచ్చులూడకుండ పట్టకారుతో మెల్లగా పైకి లాగి, క్రొత్త నికెల్ సిల్వరు తీగను తగిన వంపుతో గాడులలో దిగగొట్టి, ఆకురాతితో అన్నిటి తలలను ఒక్క మట్టమునకు తెచ్చును.

పికప్పుల పని యింతకంటె సున్నితము. ఆరు అయస్కాంతపు కడ్డీల చుట్టును వెండ్రుకవంటి రాగితీగను దాదాపు 8,000 చుట్లు చుట్టగా ఏర్పడునది ఫెండరు పికప్పు. అది తంత్రి కదలికను విద్యుత్తుగా మార్చుటయే కాక, గదిలోని దీపములనుండియు ట్రాన్స్‌ఫార్మరులనుండియు వచ్చు రొదను గూడ పట్టి వినిపించును. 1955లో గిబ్సన్ సంస్థయందలి సేత్ లవర్ అను ఇంజనీరు, పరస్పరవిరుద్ధముగా అమర్చిన రెండు తీగచుట్టలను ప్రక్కప్రక్కన చేర్చి, రొద రొదను రద్దుచేసికొనగా నాదము మాత్రమే మిగులునట్లు హంబకరును నిర్మించెను. దానిని పాత స్ట్రాటొకాస్టరులో ఇముడ్చదలచినవాడు బాడీలోని గుంటను రౌటరుతో వెడల్పు చేయవలయును. అంతవఱకు చేసినదంతయు కావలెనన్న వెనుకకు త్రిప్పుకొనదగినది, ఇది కాదు. తొలచిన కొయ్య మరల మొలవదు. పని తెలిసినవారు గూడ ఆ సమయమున రౌటరును చేతబట్టి కొంత తడవు ఊరక నిలిచిపోవుదురు. పని తెలియనివారే వెంటనే తొలచివేయుదురు.

ఈ విప్పుటలో ఒక వింత బయటపడును. బాడీలో దాగియుండు నెక్కు కొసమీద పెన్సిలుతోనో ముద్రతోనో వేసిన తేదీ ఒకటి కనబడును. వాల్యూమ్ పాట్ వెనుక ముద్రించిన అంకెలు అది తయారైన సంవత్సరమును, వారమును తెలుపును. ఈ తేదీలు కలియకపోవుటయే తఱచు. నెక్కులొక కుప్పగను, బాడీలొక కుప్పగను సిద్ధమై, చేతికి వచ్చినదానిని వచ్చినదానికి చేర్చి బిగింపగా ఆ గిటారు ఫ్యాక్టరీ గడప దాటినది. కావున సహజమైనదని, అఖండమైనదని, తాకరానిదని వర్తకులు కొనియాడు ఆ పాత వాద్యము పుట్టుకయందే ఒక కూర్పు. నేడు దానిని విప్పి కట్టువాడు ఏ ఆదిమమైన ఏకత్వమును భంగపఱచుటలేదు. జీర్ణవస్తువులయెడ మనకు గల భక్తిలో సగము, వానిని ఎన్నడును విప్పి చూడకపోవుటవలన కలిగినదేమో యని నాకు తోచుచుండును.

ఇక శాస్త్రమును పిలువవచ్చును. అవయవములకంటె వేఱుగా అవయవి యొకటి కలదని సాధించుటకు గౌతముని న్యాయసూత్రములు చూపు యుక్తులలో ధారణాకర్షణములు ఒకటి. ఒక భాగమును పట్టి లాగినచో మొత్తము కదలివచ్చుచున్నది గదా, మొత్తమనునది లేనిచో ఇది యెట్లు పొసగును? నెక్కును పట్టి ఎత్తినచో గిటారంతయు పైకి వచ్చును. కావున గిటారు కలదు. ఈ యుక్తి యెంత హాయిగా నున్నదో దాని పర్యవసానము అంత కఠినముగా నున్నది. అవయవి అవయవములయందు సమవాయసంబంధముచే నుండునది గావున, ఒక అవయవము తొలగినంతనే ఆ అవయవి నశించును, మిగిలినవానినుండి వేఱొకటి పుట్టును. పోగు తెగినచో మునుపటి వస్త్రము పోయి ఖండపటము పుట్టినదని తార్కికులు తడబాటు లేక చెప్పుదురు. ఆ లెక్కను ఫ్రెట్టు ఊడిన ప్రతిసారియు ఒక గిటారు గతించి వేఱొక గిటారు జన్మించుచుండవలయును. ఇది నా పాత గిటారే యనువాని మాట సాదృశ్యమువలన కలిగిన భ్రాంతి కావలయును.

బౌద్ధుడు మఱింత ముందుకు పోవును. మిళిందరాజు ఎక్కివచ్చిన రథమును గూర్చి, ఇరుసు రథమా, చక్రము రథమా, నొగ రథమా యని నాగసేనుడు అడిగి, అన్నింటికిని కాదనిపించి, రథమనునది వ్యవహారముకొఱకు పెట్టుకొన్న పేరే యని తేల్చిన కథ పాళీ గ్రంథము చదివినవారికి క్రొత్త కాదు. విద్యుద్గిటారు దొరకియుండినచో ఆ భిక్షువునకు రథముతో పని యుండెడిది కాదు. రథము తన చక్రములమీదనైనను తాను నడచును. ఈ వాద్యమునకు తన కంఠము గూడ తనలో లేదు. తంత్రి కదలినపుడు అయస్కాంతక్షేత్రములో కలుగు మార్పు తీగవెంట పోయి, దూరమున నున్న యాంప్లిఫయరులో పెరిగి, స్పీకరు అట్టను కదల్చినపుడుగాని లోకము దాని గానమును వినదు. బాడీ కొయ్యను బట్టి నాదము మారునా యను వివాదము వాదకులలో నేటికిని చల్లాఱలేదు. నా మట్టుకు ఆ వివాదమున ఉత్సాహమే గాని ఫలము కనబడదు.

శాస్త్రములను అట్లుంచి లోకవ్యవహారమును చూతము. గిటారు వాదకుడు ఎరిక్ క్లాప్టన్ 1970లో నాష్‌విల్లులోని ఒక దుకాణమున పాత స్ట్రాటొకాస్టరులను ఆఱింటిని కొని, జార్జి హారిసన్, పీట్ టౌన్షెండ్, స్టీవ్ విన్‌వుడ్‌లకు తలకొకటి యిచ్చివేసి, మిగిలిన మూడింటిలోని మేలైన భాగములను ఏఱి ఒక్కటిగా కూర్చుకొనెను. ‘బ్లాకీ’ యని పేరొందిన ఆ గిటారును ఆయన 1973 మొదలు 1985 వఱకు వాయించి, నెక్కు అరిగి సన్నబడి పట్టు చాలకపోవుటచే ప్రక్కన బెట్టెను. 2004లో అది వేలమున 9,59,500 డాలర్లకు అమ్ముడుపోగా, ఆ ధనము ఆయన ఆంటిగ్వాలో స్థాపించిన వ్యసనవిముక్తి కేంద్రమునకు చేరెను. బ్లాకీ ఆ మూడింటిలో ఏది? మూడు వస్తువులు ఒక వస్తువు కాజాలవు. నెక్కు ఏ గిటారుదో బ్లాకీ ఆ గిటారే యందుమా, బాడీ పక్షమువారు ఊరకుండరు. కావున అది క్రొత్తగా పుట్టినదనవలెను. క్రొత్తదేయైనచో దానిలో 1956, 57 నాటివి కాని ముఖ్యభాగములు లేకపోవుటకు సమాధానము వెదకుకొనవలెను.

వేఱొక వాదకుడు ఎడ్డీ వాన్ హేలెన్ గిటారు కథ దీనికి విపర్యయము. మేలైన వాద్యములను విప్పి కట్టినది కాదది. కొద్దిలోపముండి తక్కువ ధరకు విడిచిన బాడీని 50 డాలర్లకును, నెక్కును 80 డాలర్లకును కొని, వేఱొక గిబ్సన్ గిటారునుండి పెఱికిన హంబకరును మైనములో ముంచి బిగించి, టేపు అంటించి రంగు చల్లి చేసినది. దానిలో శబ్దమును పెంచి తగ్గించు నాబ్ మీద ‘టోన్’ అని వ్రాసియుండును. నెక్కు దగ్గఱ నున్న రెండవ పికప్పు కేవలము అలంకారము, దానికి తీగయే లేదు. బ్రిడ్జి అంచు క్రింద 1971 నాటి పావుడాలరు బిళ్ల మరతో బిగింపబడియుండును. ‘ఫ్రాంకెన్‌స్టైన్’ అను పేరు దానికి తగినదే. 2007లో ఫెండరు సంస్థ ఆ గిటారునకు 300 ప్రతులను చేయించి ఒక్కొక్కదానికి 25,000 డాలర్లు వెలకట్టినది. గీతలు, కాలిన మచ్చలు, తుప్పు, ఆ బిళ్లతో సహా అన్నియు దించిరి. ఆకారమే వస్తువైనచో లోకమున 301 ఫ్రాంకెన్‌స్టైన్‌లు ఉండవలయును. ఆ ప్రతులను కొనినవారు గూడ అట్లనుకొనలేదు.

పోనీ, ద్రవ్యమే వస్తువందుమా? పింక్ ఫ్లాయిడ్ వాదకుడు డేవిడ్ గిల్మర్ 1970లో న్యూయార్కున కొనిన నల్లని స్ట్రాటొకాస్టరుకు నెక్కులు పలుమార్లు మారినవి, పికప్పులు మారినవి, పిక్‌గార్డు మారినది. వేఱొక ట్రెమొలోకొఱకు బాడీని తొలచి, అది నచ్చక తీసివేసి, గుంటను మరల కొయ్యతో పూడ్చిరి. 2019లో దానికి 39,75,000 డాలర్లు పలికినపుడు, ఇది ఆ గిటారేనా యని ఎవ్వరును శంకింపలేదు. ఆకారము నిలిచినను వస్తువు నిలువని చోటు ఒకటి, ద్రవ్యము పోయినను వస్తువు పోని చోటు ఒకటి, రెండును మన యెదుటనే యున్నవి.

వాయించిన చేయియే దానికి ఏకత్వమునిచ్చినదని చాలమంది తృప్తిపడుదురు. కీర్తిమంతుల గిటారుల విషయమున ఈ సమాధానము చెల్లునేమో గాని, ఎవ్వరు వాయించిరో తెలియని, ఎన్ని చేతులు మారెనో తెలియని, అటకమీద దొరకిన గిటారు మాట యేమి? దానిని పునర్నిర్మించువానికి పూర్వవాదకుని చేతితో ఏ సంబంధమును లేదు. అయినను వాడు ‘నేనొక గిటారును చేసితిని’ అనడు. ‘ఆ గిటారును బాగుచేసితిని’ అనును. ఈ మాటకు ఆధారమేమి?

దీనికి తర్కశాస్త్రముకంటె ఆగమశాస్త్రము నాకు దగ్గఱ త్రోవ చూపినది. దేవాలయము జీర్ణించినపుడు జీర్ణోద్ధారణము చేయువారు, పాతదానిని కూల్చి క్రొత్తదానిని కట్టి యిదియే అదియని ప్రకటించి ఊరకుండరు. కళాకర్షణము చేసి బింబమందలి దైవకళను కుంభజలములోనికి రప్పించి, బాలాలయమున నిలిపి, పని ముగియువఱకు నిత్యార్చన తప్పకుండ జరుపుదురు. యాదగిరిగుట్టలో స్వయంభూమూర్తులున్న గుహను కదలింపక ఆలయమును పునర్నిర్మించిన కాలమున, 2016 నుండి 2022 వఱకు, భక్తులకు దర్శనము బాలాలయముననే జరిగెను. పూరీలో నవకళేబరము వేఱొక విధము. 2015లోవలె అధికాషాఢము వచ్చిన యేడు వేపదారువుతో క్రొత్త మూర్తులను చెక్కి, కన్నులకు గంతలు కట్టుకొని, చేతులకు గుడ్డలు చుట్టుకొనిన దైతాపతులు పాత మూర్తులలోని బ్రహ్మపదార్థమును క్రొత్తవానిలో నుంచుదురు. ఈ రెండు సంప్రదాయములలో ఒకటి కళయనుచున్నది, రెండవది పదార్థమనుచున్నది; కాని రెండును పట్టుబట్టునది ఒక్క విషయముపైననే. పాతది విడిపోయి క్రొత్తది ఏర్పడని ఆ నడిమికాలమున, దానిని మోయువాడొకడు ఉండవలయును, వాడు ఆ బరువును క్రింద పెట్టరాదు.

గిటారు విడివడి బల్లమీద పఱచియున్న రోజులలో గిటారు లేదు. నైయాయికుడు ఈ మాట చెప్పినపుడు నేను తల యూపుదును. ఉన్నది కొయ్య, రాగి, ఉక్కు, మరలు. కాని ఏ మర ఏ రంధ్రమునుండి వచ్చినదో కాగితముపై గుర్తు పెట్టుకొన్నవాడు, నెక్కు కొసన తంత్రులు ఆను పాత నట్టును పడవేయక గుడ్డలో చుట్టి యుంచినవాడు, లక్కపూతను గీకునపుడు కొయ్య లోతునకు పోకుండ చేతిని బిగబట్టినవాడు ఒకడు కలడు. ఇప్పుడు వేఱొకనిని తలచుకొందము. పాత గిటారులను కొని, నెక్కును ఒకరికి, పికప్పులను ఒకరికి, బ్రిడ్జిని ఇంకొకరికి అమ్మినచో మొత్తముకంటె ఎక్కువ ముట్టునని తెలిసిన వర్తకులు కొందఱు కలరు. వారు విప్పునదియు ఆ నాలుగు మరలనే, ఆ స్క్రూడ్రైవరుతోనే. ఒక్క భాగమునకును హాని జరుగదు; ఇంకను మంచి చేతులలో పడవచ్చును. అయినను ఆ గిటారు ఆనాటితో లేదు. మొదటివాడు సగము భాగములను మార్చివేసినను గిటారు మిగిలెను. రెండవవాడు అన్నిటిని భద్రముగా నుంచినను గిటారు పోయెను. ఈ భేదము ద్రవ్యమున లేదు, ఆకారమున లేదు, పూర్వవాదకుని చేతిలో లేదు. నడిమికాలమును మోసిన సంకల్పముననే యున్నది. ‘అదియే యిది’ అను మాటను మనము ప్రత్యక్షజ్ఞానమువలె పలుకుచున్నాము గాని, కృతకవస్తువుల విషయమున అది పూనికతో చేయు కర్మ యని నా యభిప్రాయము.

దీనిపై శంకరాచార్యుల పక్షమునుండి బలమైన ఆక్షేపణ రాగలదు. జ్ఞానము వస్తుతంత్రము, కర్మయు ఉపాసనయు పురుషతంత్రములు అని విభజించినవారు ఆయన. ఒక వస్తువు అదియా కాదా యనునది మన యిష్టమును బట్టి మారినచో అది జ్ఞానమెట్లగును? కాని క్షణికవాదమును ఖండించు సందర్భమున ఆయనయే, బాహ్యవస్తువు విషయమున ఇది అదియేనా లేక దానివంటిదా యను సందేహము ఒకప్పుడు కలిగినను కలుగవచ్చునని, తెలిసికొనువానికి తనను గూర్చి మాత్రము అట్టి సందేహము ఎన్నడును కలుగదని విడదీసి చెప్పినారు. ఆ విడదీత నాకు చాలును. నా మాట గిటారుల మట్టుకే. దేహమును జీర్ణవస్త్రముతో పోల్చిన గీతావాక్యమును ఇచటికి ఈడ్చుకొనివచ్చి, గిటారు దేహము, నాదము దేహియని ఉపన్యసించువారున్నారు. వినుటకు ఇంపుగానే యుండును, కాని గిటారులో వస్త్రము మార్చుకొనువాడు ఎవ్వడును లేడు. ఎవ్వడును లేకపోవుటచేతనే దానిని వెలుపలనుండి ఒకడు మోయవలసివచ్చుచున్నది.

సంకల్పమున్నచో ఏమైనను చెల్లునా యందురు. చెల్లదు. స్ట్రాటొకాస్టరులో నట్టునుండి బ్రిడ్జికి స్వరించు తంత్రి పొడవు 25.5 అంగుళములు, పండ్రెండవ ఫ్రెట్టు సరిగా దాని సగమున నుండవలయును, తక్కినవన్నియు ఆ కొలతను బట్టి క్రమముగా దగ్గఱ గావలయును. వేఱు కొలత గల నెక్కును తెచ్చి బిగించి, ఇది నా పాత గిటారే యని యెంత పూనికతో పలికినను స్వరము పలుకదు. మార్కెట్టులోను ఆ పూనికకు విలువ లేదు. పూత మార్చిన పాత గిటారు ధర సగమునకు దిగునని వర్తకులందురు, పూత మార్చితినని చెప్పక అమ్మువాడు మోసగాడే. నా సంకల్పము నాపై బరువు పెట్టునే గాని, ఇతరులపై నాకు హక్కు నీయదు.

మిగిలిన చిక్కు ఒకటి కలదు. గ్రీకుల థీసియసు నావకు క్రొత్త పలకలు వేయుచుండగా, తీసివేసిన పాత పలకలన్నిటిని ఒకడు దాచి మరల నావగా కూర్చినచో ఏది అసలు నావ యని 1655లో హాబ్స్ అడిగెను. పూరీలో ఈ ప్రశ్న పుట్టదు. పాత మూర్తులను కోయిలి వైకుంఠమున సమాధి చేయుదురు. గిటారువాని సొరుగులో మాత్రము పాత నెక్కు, పాత పికప్పులు, పాత బ్రిడ్జి చెక్కుచెదరక పడియుండును. కొన్నాళ్లకు బాడీ యొకటి చవుకగా దొరకగా వాడు వానినన్నిటిని దానికి బిగించును. ఆ పని పరాయివాడు చేసినచో రెండవది క్రొత్త గిటారని నేను జంకక చెప్పుదును. ఆ మనుష్యుడే, ఆ శ్రద్ధతోనే, రెండింటిని చెఱియొక చేత బట్టుకొని వచ్చి, రెండును ఆ పాతదే యని పలికినచో, వానికి నచ్చు సమాధానము నాయొద్ద లేదు. రెండును మొన్న పుట్టినవే యని మొగము చూడక చెప్పగల నైయాయికుని యింటికి త్రోవ చూపి పంపుదును.